పాఠం ఎవరికి అందుతున్నది?

గౌలిగూడలోని మా మద్రసాకు పిల్లలను దిగబెట్టడానికి వచ్చే తండ్రులలో ఒకరు గత నెల నన్ను ఆపి ఒక సందేహం అడిగారు. "మౌలానా సాబ్, మా అమ్మాయి బీఈడీ చేసింది కదా! ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అట, యాక్సెసిబుల్ కోర్సులు తయారుచేయడమట. టీచరు ఉద్యోగం కాదంటుంది, పూర్తిగా కంప్యూటరు ఉద్యోగమూ కాదంటుంది. సంబంధం చూడవచ్చినవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు." నేను నవ్వి, "పాఠానికి దర్జీ పని అని చెప్పండి భాయ్" అన్నాను. ఆయనకు ఆ జవాబు చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఇటువంటి ప్రశ్న మరికొన్ని ఇళ్ళలోనూ ఉండి ఉంటుంది గనుక, ఆ పూట తీరిక లేక చెప్పలేకపోయినది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

దర్జీ బట్టను నేయడు. నేసిన బట్టను తొడుక్కునే మనిషి కొలతలకు కత్తిరించి కుడతాడు. విషయం తెలిసిన పండితుడు వేరు. ఆ విషయాన్ని నేర్చుకునేవాని కొలతలకు అమర్చేవాడు వేరు. చాలాసార్లు ఇద్దరూ ఒక్కరే అయి ఉంటారు, కాని ఎప్పుడూ కారు. ఈ ఉద్యోగంలో ఉన్నవారు మొదట అడిగే ప్రశ్న "ఏం చెప్పాలి?" అన్నది కాదు. "పాఠం ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలి?" అని అడుగుతారు. "జకాత్ గురించి తెలుసుకుంటాడు" అంటే వారు ఒప్పుకోరు. "ఒక కుటుంబానికి ఉన్న బంగారం, రొక్కం, సరుకు చెబితే, ఇవ్వవలసిన జకాత్‌ను లెక్కకట్టగలుగుతాడు" అంటే రాసుకుంటారు. ఆ తరువాత పరీక్ష ప్రశ్న తయారవుతుంది. పాఠం చివరన వస్తుంది. మనకు ఇది తలకిందుల పద్ధతిగా తోచవచ్చు. కాని ఎక్కడికి పోవాలో తేల్చుకున్న తరువాతే కదా బస్సు ఎక్కేది!

ఈ విద్యకు అమెరికాలో పేర్లూ నమూనాలూ ఏర్పడ్డాయి. బెంజమిన్ బ్లూమ్ 1956లో విద్యా లక్ష్యాలను మెట్లుగా విభజించారు. రాబర్ట్ గాన్యే 1965లో అభ్యసనం జరగడానికి కావలసిన పరిస్థితులను గ్రంథస్థం చేశారు. 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికా సైన్యం కోసం కోర్సు తయారీకి అయిదు దశలను రూపొందించింది: విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం. కంపెనీలలో నేటికీ వాడుకలో ఉన్నది ఈ వరుసే.

అయితే పేరు కొత్తదైనా పని కొత్తది కాదని నా దృఢాభిప్రాయం. హిఫ్జ్ తరగతినే చూడండి. పిల్లవాడు ప్రతి దినం మూడు పనులు చేస్తాడు. కొత్త సబఖ్ వినిపిస్తాడు. ఇటీవలి దినాల పాఠాలను సబఖ్‌పారాగా అప్పజెబుతాడు. ఎప్పుడో పూర్తిచేసిన భాగాలను ఆమోఖ్తాగా తిరగేస్తాడు. మరచిపోవడం మనిషి స్వభావమని గుర్తెరిగి, మరపు రాకముందే పాఠాన్ని మళ్ళీ ముందుకు తెచ్చే ఏర్పాటు ఇది. నేటి విద్యాశాస్త్రజ్ఞులు ఎడమిచ్చి చేసే పునశ్చరణ అని బోధించేది సరిగ్గా దీనినే.

ఇంతకంటే గొప్ప నిదర్శనం ఇమామ్ షాతిబీ. హిజ్రీ 538లో అందులూసియాలోని షాతిబా పట్టణంలో జన్మించి, 590లో కైరోలో కన్నుమూసిన ఆయన అంధుడు. ఏడు ఖిరాఅత్‌ల భేదాలన్నింటినీ 1173 బైత్‌ల పద్యకృతిగా కూర్చారు. ప్రతి ఖారీకి, ఆయన నుండి ఉల్లేఖించిన ప్రతి రావీకి ఒక్కొక్క అక్షరాన్ని సంకేతంగా నిర్ణయించారు. పెద్ద పట్టికలుగా గీయవలసినంత విషయం, కాగితం చూడనక్కరలేకుండా విని కంఠస్థం చేయదగినదిగా మారింది. చూపులేని పండితుడు రూపొందించిన ఆ కోర్సును ఎనిమిది శతాబ్దాలకు పైగా చూపున్నవారు చదువుకుంటున్నారు!

మన తెలుగు నేలపై ఈ వృత్తికి పెద్ద ఇల్లు జూబ్లీహిల్స్‌లో ఉన్నది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా స్థాపించబడి, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు ధరించిన ఆ సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ తొలి ఉపకులపతి ఆయనే. దూరవిద్య పుస్తకం చదివినవారికి దాని అమరిక తెలిసే ఉంటుంది. మొదట లక్ష్యాలు, మధ్యమధ్య మిమ్మల్ని మీరు పరీక్షించుకొమ్మనే ప్రశ్నలు, చివర వాటికి జవాబులు. గురువు ఎదుట లేనప్పుడు గురువు చేసే పనులలో కొన్నింటిని పుస్తకమే చేయాలి. దుకాణంలో కూర్చుని, వంటగదిలో నిలబడి డిగ్రీ చదివినవారు మన బంధువులలోనే ఎందరో ఉన్నారు.

ఇక యాక్సెసిబుల్ అన్న మాట. చూపు, వినికిడి, చేతుల కదలిక, చదివే తీరు ఎవరికి ఎట్లా ఉన్నా పాఠం వారికి అందేలా చేయడమే దాని అర్థం. ఇది దయాదాక్షిణ్యాల విషయమనుకునేవారు శ్రీకాంత్ బొల్లా ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. మచిలీపట్నం సమీపంలోని పల్లెలో పుట్టుకతో అంధుడైన ఆ బాలుడు హైదరాబాద్‌లో పదవ తరగతి ముగించి, ఇంటర్‌లో గణితం, సైన్సు చదువుతానన్నాడు. బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి గనుక అంధులకు వీలుపడదని నాటి నిబంధన. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్ళింది. తీర్పు వచ్చేలోగా వేరొక బోర్డుకు చెందిన పాఠశాల అతన్ని చేర్చుకున్నది. అక్కడి అధ్యాపకురాలు రబ్బరు చాపపై పలుచని ప్లాస్టిక్ పొర పరచి, దానిపై గీసిన గీత వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా లేచే బొమ్మలు తయారుచేయడం నేర్చుకున్నారు. ఆరు నెలలకు తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. అతను 98 శాతం మార్కులు పొంది, అమెరికాలోని ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో పరిశ్రమ స్థాపించారు. నిబంధన వీలుపడదన్నదానికి ఒక ప్లాస్టిక్ పొర, ఒక రబ్బరు చాప చాలాయి. ఆ అధ్యాపకురాలు చేసినదే ఈ ఉద్యోగం. ఆ దినాలలో దానికి జీతం విడిగా ఉండేది కాదు, అంతే.

నా సొంత బోధనాంశం నుండి ఒక ఉదాహరణ ఇస్తాను. ఫరాయిజ్, అనగా వారసత్వ పంపకాల పాఠాన్ని నల్లబల్లపై వంశవృక్షం గీసి చెప్పడం మా అధ్యాపక వర్గానికి అలవాటు. "ఇది ఇక్కడికి పోతుంది, మిగిలింది అటు చేరుతుంది" అంటూ వేలు చూపుతాము. చూపులేని విద్యార్థికి ఆ వాక్యంలో మిగిలేది ఏమున్నది? అదే విషయాన్ని మాటలలో చెప్పి చూడండి. మరణించిన వ్యక్తికి భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు. భార్యది ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతులలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. ఏడును మూడుతో భాగించలేము గనుక ఆస్తిని 24 భాగాలు చేస్తాము. భార్యకు 3, కుమారునికి 14, కుమార్తెకు 7. బల్లతో పనే లేదు. ఇట్లా చెప్పడం మొదలుపెట్టాక, వెనుక వరుసలో కూర్చుని బల్ల సరిగా కనబడని పిల్లలు కూడా లెక్క పట్టుకుంటున్నారు.

ఒకరి కోసం చేసిన ఏర్పాటు పదిమందికి ఉపయోగపడటం మన పేటకు కొత్త కాదు. 2018 జూలైలో కూలిపోయిన గౌలిగూడ హ్యాంగర్ బస్టాండు పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అక్కడ బస్సు ఎక్కడికి పోతుందో కండక్టర్లు గొంతెత్తి అరిచేవారు. ఆ కేక అంధునికి, అక్షరం రానివానికి, పరుగున వచ్చేవానికి, ముగ్గురికీ బోర్డే! వీడియో పాఠం కింద వచ్చే అక్షరాలూ అంతే. బధిరుల కోసం పెట్టిన ఆ క్యాప్షన్లను పసిబిడ్డ నిద్రపోతున్న గదిలో ఫోను గొంతు తగ్గించి చదువుకునే తల్లి వాడుకుంటున్నది. యంత్రం తనంతట తాను రాసే క్యాప్షన్లు తెలుగులో తడబడతాయి, మధ్యలో అరబీ పదం వస్తే మరీను. వాటిని కూర్చుని దిద్దే మనిషి కావాలి. ఆ మనిషి పనీ ఈ ఉద్యోగంలోనిదే. సంజ్ఞా భాష మాతృభాషగా పెరిగిన పిల్లలకు మాత్రం తెలుగు క్యాప్షన్లు పరాయి భాషే. భారతీయ సంజ్ఞా భాషకు తనదైన వ్యాకరణం ఉన్నది. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను ఆ భాషలోకి తేవడానికి 2020 అక్టోబరులో ఒప్పందం కుదిరింది.

తెలుగుకు, ఉర్దూకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. దీనిని గురించి మాట్లాడేవారు తక్కువ గనుక కొంచెం సాగదీస్తాను. కోఠీ, ఆబిడ్స్, నాంపల్లి డీటీపీ దుకాణాలలో తెలుగు పుస్తకాలను చాలాకాలంగా అనూ ఫాంట్లలో కూర్చుతున్నారు. తెరపై ముత్యాల వంటి అక్షరాలు కనబడతాయి. కాని లోపల కంప్యూటరు దాచుకున్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు. అంధులు వాడే స్క్రీన్ రీడర్ ఆ లోపలి గుర్తులనే చదువుతుంది. అందమైన పుటలోంచి అర్థంలేని కూత వినబడుతుంది. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూదీ ఇంచుమించు ఇదే గతి. ఇక జిరాక్స్ ప్రతిని ఫోనుతో ఫొటో తీసి పీడీఎఫ్‌గా పంపితే, ఆ యంత్రానికి వినిపించడానికి అక్షరమే దొరకదు. యూనికోడ్‌లో కూర్చిన పాఠానికి ఈ బాధ లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగునూ చదువుతుంది. కాబట్టి ఇక్కడ అడ్డు డబ్బు కాదు, అలవాటు.

కోర్సు తయారుచేసేవారి దినచర్యలో అధిక భాగం ఇటువంటి ఓపిక పనులే. శీర్షికను పెద్ద అక్షరాలలో రాసి వదలక, అది శీర్షిక అని కంప్యూటరుకు తెలిసేలా గుర్తించాలి. అప్పుడే అంధ విద్యార్థి ఒక శీర్షిక నుండి మరొకదానికి గెంతగలడు. బొమ్మకు మాటలలో వివరణ రాయాలి. అలంకారం కోసం పెట్టిన పూలతీగకు వివరణ అక్కరలేదు. ఏది అలంకారమో, ఏది పాఠమో తేల్చడంలోనే నేర్పంతా ఉన్నది. అక్షరానికి, దాని వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతున్నది. రంగు ఒక్కదానితోనే అర్థం చెప్పరాదు. తజ్వీద్ నియమాలను రంగులతో చూపే ముస్‌హఫ్‌లు మన ఇళ్ళలో ఉన్నాయి కదా! ఎరుపు, ఆకుపచ్చ రంగులకు తేడా తెలియని బాలునికి ఆ రంగులు ఏమీ చెప్పవు. మగపిల్లలలో ఈ లోపం ఆడపిల్లలలో కంటే చాలా ఎక్కువ. వాడు పదేపదే అదే చోట తప్పుతుంటే, బెత్తం వెతికే ముందు వాడి కంటిని పరీక్ష చేయించాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ళు వచ్చేవరకు పుస్తకాలను, అభ్యసన సామగ్రిని ఉచితంగా ఇవ్వాలన్నది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో వారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది. పుస్తకాన్ని వారు చదవగల రూపంలోకి మార్చడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 2012 నాటి సవరణ చెబుతున్నది. ఇందుకు సంబంధించిన మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు ఐచ్ఛికంగా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాలని తీర్పునిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను సమర్పించినది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. ప్రమాణాలు తప్పనిసరి అయ్యేకొద్దీ ఈ పని తెలిసినవారి అవసరం పెరుగుతుంది. బోధనానుభవం, రెండు మూడు భాషలు, నిలకడ ఉన్న మన ఆడపిల్లలకు ఇది అనువైన వృత్తి. పనిలో చాలా భాగం ఇంటినుండే చేయవచ్చు. పెళ్ళిచూపులలో ఈ మాట ధైర్యంగా చెప్పుకోవచ్చు.

మీ పిల్లలకు వచ్చే పాఠాలు ఎట్లా ఉన్నాయో ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఫోనులో ఆ పీడీఎఫ్ తెరచి, ఒక పంక్తిపై వేలు నొక్కి పట్టండి. పంక్తి ఎంపిక కాకపోతే అది ఉత్త బొమ్మ. ఎంపికైతే, దానిని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు తెలుగుగానే వస్తే సరే. వింత గుర్తులు వస్తే ఆ పాఠశాలకు, మద్రసా అయినా సరే, ఒక చీటీ రాయండి: ఈసారి డీటీపీ దుకాణంలో యూనికోడ్‌లో కొట్టించి, పీడీఎఫ్‌తోపాటు వర్డ్ ఫైలు కూడా పంపవలసిందని.