డెవిల్ అంటే దెయ్యమే, మహాప్రభో!

మా ఆఫీసు గుంపులో ఆ ఫార్వర్డు మళ్ళీ వచ్చింది. "బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ" అన్నదాంట్లో డెవిల్ అంటే దెయ్యం కాదట, పాత తెరచాప ఓడల్లో ఒక సందు పేరట! దాన్ని బాగుచేస్తూ వేలాడే నావికుడికి పైన డెవిల్, కింద సముద్రం. అందరూ "వావ్" అన్నారు. నాకు మాత్రం మండింది.

ఇందులో నిజం లేకపోలేదు. చెక్క ఓడల్లో పలకల మధ్య సందుల్లోంచి నీళ్ళు రాకుండా, పాత తాళ్ళు విప్పిన పీచు కూరి, పైన కాచిన తారు పోసేవాళ్ళు. ఇలా తారు పట్టించడాన్ని ఇంగ్లీషు ఓడవాళ్ళు 'పే' అనేవాళ్ళు. మన జీతం 'పే'కీ దీనికీ చుట్టరికం లేదు. డెక్కు అంచు వెంబడి ఉండే సందుని డెవిల్ అనేవారని అడ్మిరల్ స్మిత్ రాసిన నావికుల నిఘంటువు (1867) చెప్తుంది. ఆ పేరెందుకో ఆ పనివాళ్ళకే తెలియాలని ఆయనే చేతులెత్తేశాడు. ఇక్కడివరకూ సరే.

మరి సామెతో? రాబర్ట్ మన్రో అనే స్కాట్లండు సైనికుడు 1637లో అచ్చయిన తన పుస్తకంలోనే వాడేశాడు. అంటే స్మిత్ కంటే 230 ఏళ్ళ ముందు! పైగా ఆయనున్నది ఓడలో కాదు, నేలమీది యుద్ధంలో. అటు శత్రువుల గుళ్ళు, ఇటు గురి తప్పి పడుతున్న సొంత ఫిరంగుల గుళ్ళు. ఇందులో తారెక్కడ, సందెక్కడ? జనం నోట్లో ఉన్న దెయ్యాన్నే ఓడవాళ్ళు సరదాగా ఆ సందుకి తగిలించి ఉంటారనుకోవడమే న్యాయం. నిన్నటి బగ్ కి ఇవాళ్టి కమిట్ కారణమంటే కోడ్ రివ్యూలో ఊరుకుంటామా?

ఓడల నుంచి వచ్చిన మాటలు లేవా అంటే బోలెడు. మనం రోజూ తిట్టుకుంటూ చదివే 'లాగ్' అలాంటిదే. వేగం కొలవడానికి తాడు కట్టి నీళ్ళలో వేసే చెక్కముక్క లాగ్, ఆ లెక్కలు రాసే పుస్తకం లాగ్ బుక్. దీనికి ఆధారముంది, నమ్ముతాం.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి"లో నుయ్యంటే నుయ్యి కాదు, ఎడ్లబండిలో ఒక భాగం అని ఎవడైనా అంటే నవ్వుతాం. అదే ఇంగ్లీషు మాట గురించైతే తలూపుతాం. నేనూ తక్కువ తినలేదు. ఒకప్పుడు ఇదే కథ కొత్తగా చేరిన పిల్లలకి తెగ గొప్పగా చెప్పాను. వాళ్ళలో ఒక్కరైనా "ఏ సంవత్సరం సార్?" అని అడిగుంటే అక్కడే దొరికిపోయేవాణ్ణి.

ఆ ఒక్క ప్రశ్న అడగనివాళ్ళం రేపు మందుల మీదొచ్చే ఫార్వర్డునీ అడగం. అసలు దెయ్యం అక్కడుంది.