పురుగులతో సరిపెట్టకండి



పెంపుడు బియర్డెడ్ డ్రాగన్ ఆకుకూరలు ముట్టకపోతే పురుగులతోనే సరిపెట్టవచ్చన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. ఈ ఆస్ట్రేలియా తొండకు పిల్లప్పుడు పురుగులు ఎక్కువ కావాలి. ఎదిగాక ఆకులే ప్రధానాహారం. మా ఇంట్లో పొద్దున దీపం కింద దాని ఒళ్లు వెచ్చబడ్డాక, ఆవాకు సన్నగా తరిగి, పైన గుమ్మడి తురుము చల్లి పెడతాం. పసుపు రంగు కంటబడగానే తల పక్కకు వంచి చూసి, నాలుక చాచి అందుకుంటుంది. పురుగులు ఆ తర్వాతే.

ఆ వ్యాసం రోజూ పాలకూర పెట్టమనడమూ సరికాదు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. కాల్షియం తగ్గితే ఎముకలు మెత్తబడతాయి. ఎలా పెట్టినా ఆకులు తినకపోతే యూవీబీ దీపం, వేడి సరిచూసి, సరీసృపాలు తెలిసిన పశువైద్యుణ్ణి కలవండి. ఆకలితో మాడ్చి మాత్రం అలవాటు చేయకండి.

— ఒక పాఠకురాలు, డాలస్