బైపీసీకి లెక్కలు వద్దా?



ఇంటర్‌లో చేరిన రోజే మనం ఒక గోడ కట్టుకుంటాం. బైపీసీ తీసుకున్నవాడు లెక్కల పుస్తకం మూసేస్తాడు. ఎంపీసీ తీసుకున్నవాడు మళ్ళీ మొక్క వంక చూడడు. ప్రవేశ పరీక్షలో ర్యాంకు రాకపోతే డిగ్రీ, ఆ తర్వాత దొరికిన ఉద్యోగం. పిహెచ్.డి. మనలాంటి వాళ్ళకు కాదనుకుంటాం. ఈ గోడ మనకు చేస్తున్న నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం.

నేడు చాలా శాస్త్రాల్లో పరిశోధక విద్యార్థికి రెండు పనులు ఎదురవుతున్నాయి. ఒకటి, డీఎన్ఏలోని ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల వరుసలను పోల్చడం. రెండు, కంప్యూటర్‌తో చిత్రాలను పరిశీలించడం. రెంటికీ జీవశాస్త్రమూ కావాలి, లెక్కలూ కావాలి.

మనం తినే సాంబ మసూరినే తీసుకోండి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ రకం ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని అందించాయి. ఏ మొక్కలో ఆ జన్యువులు ఉన్నాయో తెగులు వచ్చేదాకా ఆగకుండా డీఎన్ఏ గుర్తులను బట్టి తేల్చారు.

చెరకు ఇంకా కష్టం. వరిలో క్రోమోజోములు 24. సాగు చెరకులో 100కు పైనే. ఒకేలాంటి ముక్కలు అనేకం ఉండటంతో వాటిని సరిగ్గా పేర్చడం తలనొప్పి. వరి జన్యుపటం 2005లో పూర్తయితే, ఆర్570 అనే చెరకు రకం జన్యుపటం వెలువడింది 2024లో.

ఇక చిత్రాల సంగతి. ఒక్క ఉపగ్రహ చిత్రంలో వరి, చెరకు రెండూ పచ్చగానే కనిపిస్తాయి. నెలనెలా తీసినవి వరుసగా పెడితే వరి మడి నాలుగైదు నెలల్లో ఖాళీ అవుతుంది, చెరకు ఏడాది దాకా నిలిచి ఉంటుంది. కంప్యూటర్‌కు ఈ తేడా నేర్పాలంటే ఏ పొలంలో ఏ పంట ఉందో తెలిసినవాడు ముందుగా గుర్తు పెట్టివ్వాలి. బోధన్, రుద్రూరు వైపు నుంచి వచ్చిన మన తమ్ముళ్ళకు ఆ తెలివి చిన్ననాటి నుంచీ ఉంది. లేనిది లెక్కల అలవాటే.

బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది కదా, ఇక చెరకు చదువెందుకని కొందరంటారు. చెరకుపై నేర్చిన విద్య పసుపుకూ పనికొస్తుంది, రక్తపు చుక్కలో మలేరియా క్రిమిని పట్టడానికీ పనికొస్తుంది.

ఐదేళ్ళు ఇల్లు ఎలా గడుస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. నెట్ ద్వారా జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఎస్సీ విద్యార్థులకు 2005-06లో మొదలైన జాతీయ ఫెలోషిప్ వేరే ఉంది. పోటీ ఎక్కువే, డబ్బు ఆలస్యమవుతుందన్న ఫిర్యాదులూ ఉన్నాయి. అయినా దారి ఉంది. ఆ దారి ఉందని తెలియకపోవడమే అసలు నష్టం.

అందుకే నా సూచనలు మూడు. ప్రతి ఆదివారం రెండు గంటలు ఎంపీసీ వాళ్ళు బైపీసీ వాళ్ళకు గణాంకాలు, బైపీసీ వాళ్ళు ఎంపీసీ వాళ్ళకు జన్యువుల పాఠం చెప్పుకోవాలి. హాస్టల్ కంప్యూటర్‌లో జెన్‌బ్యాంక్ తెరిచి చూడాలి, అందులోని డీఎన్ఏ వరుసలు అందరికీ ఉచితం. పరిశోధనలో ఉన్న పూర్వ విద్యార్థులు ఏడాదికి ఒక్కసారైనా మన కంఠేశ్వర్ హాస్టల్‌కు వచ్చి, నెట్ తేదీలు, ఫెలోషిప్ వివరాలు నోటీసు బోర్డుపై పెట్టాలి.

వచ్చే వార్షికోత్సవం లోపు మొదటి రెండూ మనమే మొదలుపెట్టుకోగలం. మూడోది అన్నలు, అక్కల చేతిలో ఉంది.