తొండ ముదిరితే చార్‌మీలియన్

మనం రోజూ పొద్దున్నే ట్రాఫిక్‌లో ఈదుకుంటూ చేరే చోటి పేరే ఒక మాటల గారడీ అని ఎప్పుడైనా గమనించారా? హైదరాబాద్‌కి తల తీసేసి 'సైబర్' అతికిస్తే సైబరాబాద్. ఇక హైటెక్ సిటీ అంటారా, 'హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ' అన్న చాంతాడంత పేరుకి అవి పొడి అక్షరాలు. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు జనం చెవికి వినబడింది మాత్రం 'హై టెక్' అనే. ఒకే మాటలో రెండర్థాలు. మన పాతవాళ్ళు దీన్నే శ్లేష అన్నారు.

ఇంతకీ ఈ గోలంతా ఎందుకంటే, మొన్నామధ్య మా ఇంట్లో ఒక చిన్న సంఘటన జరిగింది. మా తొమ్మిదేళ్ళ సుపుత్రుడు పోకెమాన్ కార్డులు నేలంతా పరిచి, ఊర్నుంచి వచ్చిన వాళ్ళ నానమ్మకి పాఠం చెబుతున్నాడు. "ఇది ఎకాన్స్ నానమ్మా. వెనక నుంచి చదివితే స్నేక్! ఇది పెద్దయ్యాక ఆర్బాక్. అంటే కోబ్రా తిరగేశారు, సి బదులు కె పెట్టి." అమ్మకి ఇంగ్లిషు రాదు గానీ కిటుకు ఇట్టే పట్టేసింది. "ఓహో, మన వికటకవి లాంటి తమాషా అన్నమాట" అంది. వాడికి అర్థం కాలేదు. తర్వాతి కార్డుకి వెళ్ళిపోయాడు.

"ఇది చార్‌మాండర్. తోక చివర మంట ఉంటుంది చూడు. ఇది పెరిగి చార్‌మీలియన్ అవుతుంది. కమీలియన్ లాగా!" కమీలియన్ అంటే ఏంట్రా అని అమ్మ నన్నడిగింది. ఊసరవెల్లి అన్నాను.

"అయితే తొండ ముదిరి ఊసరవెల్లి అయిందన్నమాట!"

నాకు నవ్వాగలేదు. వాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "తొండ అంటే ఏంటి నాన్నా?" ఇంగ్లిషులో చెప్పాను. ఊసరవెల్లి అంటే చెప్పాను. సామెత అర్థం చెప్పాను. అంతా అయ్యేసరికి జోకు చచ్చిపోయింది. అమ్మ "పోన్లే నాన్నా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ 'పోన్లే' నన్ను వారం రోజులు వదల్లేదు.

ఈ కార్డులు జపాన్‌లో 1996లో, అమెరికాలో 1999లో వచ్చాయి. విశేషమేమిటంటే చాలా భాషల్లో ఈ పేర్లని అనువాదం చెయ్యలేదు, మళ్ళీ పుట్టించారు. మన చార్‌మాండర్ జపాన్‌లో హితోకగే: 'హి' అంటే నిప్పు, 'తోకగే' అంటే బల్లి. ఫ్రెంచివాళ్ళకి సలమెష్. సలమాండర్‌కి 'మెష్' కలిపారు, అంటే దీపంలో వత్తి! బల్బసార్ జపనీస్ పేరు ఫుషిగిదనే. వింత విత్తనం అనీ వస్తుంది, 'వింతగా ఉంది కదూ' అనీ వస్తుంది. అనువాదకుడు బొమ్మ చూసి, తన భాషతో తను ఆడుకున్నాడు.

మన దగ్గర ఇంగ్లిషు పేర్లే. "స్పానిష్, ఇటాలియన్‌లలో కూడా దాదాపు అవే వాడతారు కదా, వాళ్ళకి లేని బాధ మనకెందుకు?" అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ స్పెయిన్ పిల్లాడికి బడి, బజారు, గొడవ, ముద్దు అన్నీ స్పానిష్‌లోనే. ఒక్క ఆటలో పేర్లు ఇంగ్లిషులో ఉంటే వాడికి పోయేదేం లేదు. మావాడికి బడీ ఇంగ్లిషే, ఆటా ఇంగ్లిషే. తొండ అన్న మాట వాడికి ఎక్కడ తగులుతుంది? 2016లో పికాచు చైనీస్ పేరుని మాండరిన్ ఉచ్చారణకి తగ్గట్టు మారిస్తే, హాంకాంగ్‌లో జనం జపాన్ కాన్సులేట్ ముందు నిరసన తెలిపారు. కార్టూన్ ఎలక కోసం కాదు, తమ కాంటొనీస్ కోసం.

"తెలుగులో ఇలాంటివి కుదరవండీ" అనేవాళ్ళు ఇంకొందరు. 'పాము'ని కోడ్ పాయింట్ల లెక్కన తిరగేస్తే కొమ్ము ముందుకొచ్చి 'ుమాప' అని ఏదో చెత్త వస్తుంది, నిజమే. కానీ అది తెలుగు తప్పా, మనం రాసిన లూప్ తప్పా? అక్షరాల లెక్కన తిప్పండి, వికటకవి చక్కగా తిరిగొస్తాడు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ఒకే పద్యాల్లో రామాయణం, భారతం రెండూ నడిపించాడు. 1957లో మాయాబజార్ కోసం ఇంకో పింగళి, నాగేంద్రరావుగారు, 'అసమదీయులు' అంటూ మాటలు సృష్టిస్తే ఇవాళ్టికీ వాడుకుంటున్నాం. జర్మన్ స్ట్రింగ్ బటన్‌లో పట్టలేదని రాత్రి పదకొండింటిదాకా కూర్చుని సరిచేసే మనం, మన భాష దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఎవరు వాడతార్లే" అంటాం.

కంపెనీలకి అర్జీలు పెట్టమని చెప్పడం లేదు. పిల్లల పేర్ల ఆట మన ఇంట్లో మనం ఆడుకోవడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు అంటున్నానంతే. పోయిన ఆదివారం కార్డుల కవర్ల మీద చిన్న చీటీలు అంటించాం. చార్‌మాండర్ 'వత్తితొండ' అయింది. ఆర్బాక్ కోసం నాగుని తిప్పి 'గునా' అన్నాం. (బాగా లేదని నాకూ తెలుసు, నవ్వకండి.)

"మరి పికాచు?" అన్నాడు మావాడు.

అమ్మ కార్డు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని చూసింది. "ఏం చేస్తుందిరా ఇది?"

"మెరుపులు వేస్తుంది. ఒక్కచోట ఉండదు."

"ఇంకేం, చిచ్చరపిడుగు!"

వాడు ఒక్క క్షణం ఆగాడు. "నానమ్మా, నువ్వు నన్ను కదా అలా తిడతావ్?" అని పకపకా నవ్వాడు.

ఈసారి నేనేమీ వివరించాల్సిన పని పడలేదు.