పహ్లౌఠా హక్: మునాజరాలో ఒక మాట, ఇంట్లో ఒక మాట

మొన్న ఒక వలీమాలో భోజనాలయ్యాక మా బంధువుల కుర్రాడొకడు ఫోన్‌లో మునాజరా వీడియో చూపించాడు. "చాచా, ఒక్క దలీల్‌కే పాదిరీ గారి నోరు మూతపడింది" అన్నాడు. ఆ దలీల్‌లో రెండు ముక్కలున్నాయి. కొలస్సీ పత్రిక 1:15 ఈసా అలైహిస్సలామ్‌ను 'ఆదిసంభూతుడు' అంటోంది కాబట్టి ఆయన మఖ్లూక్ అని బైబిలే ఒప్పుకుందట. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం పెద్దకొడుకు హక్ కాజేయొద్దంటోంది కాబట్టి ఇబ్రాహీమ్ అలైహిస్సలామ్ విరాసత్ ఇస్మాయీల్ అలైహిస్సలామ్‌దేనట. చుట్టూ ఉన్నవాళ్లు సుబ్హానల్లా అన్నారు. నా నోట మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను, కోపం వస్తే రానివ్వండి.

ఈ దలీల్ ఒకప్పుడు నేనూ వాడినవాణ్ణే. డిగ్రీలో నా పక్కన కూర్చునే క్రైస్తవ మిత్రుడి మీద విసిరాను. వాడు వాదించలేదు. తెలుగు బైబిల్ తెచ్చి 89వ కీర్తన 27వ వచనం చూపించాడు. అక్కడ దావూద్ అలైహిస్సలామ్‌ను అల్లాహ్ జ్యేష్ఠుడిగా చేస్తానన్నట్టు ఉంది. వాళ్ల గ్రంథం ప్రకారమే దావూద్ తన తండ్రి కొడుకుల్లో అందరికన్నా చిన్నవాడు! 'చేస్తాను' అన్నారంటే అది పుట్టుక కాదు, ఇచ్చిన మర్తబా. ఉర్దూ మీడియంలో చదివిన నాకు 'పహ్లౌఠా' అంటే ముందు పుట్టినవాడనే తెలుసు. ఆ రోజు నోరు మూతపడింది నాది.

తర్వాత కూర్చుని చదివాను. ఏశావు పెద్దవాడు, ఒక పూట పప్పూ రొట్టెకు తన హక్ అమ్మేసుకున్నాడు. రూబేను పెద్దవాడు, తప్పు చేశాడు, అతని హక్ యూసుఫ్ కొడుకులకు పోయిందని దినవృత్తాంతాలు అంటున్నాయి. ఆ కొడుకుల్లో మనష్షే పెద్దవాడైనా, యాకూబ్ అలైహిస్సలామ్ చేతులు మార్చి చిన్నవాడు ఎఫ్రాయిము తల మీద కుడిచెయ్యి పెట్టారు. యిర్మీయా 31:9కి వచ్చేసరికి ఆ ఎఫ్రాయిమే జ్యేష్ఠుడు. అంటే వాళ్ల కితాబ్‌లో ఆ మాటకు రెండు అర్థాలున్నాయి: కానూన్‌లో జన్మ, ఖితాబ్‌లో హోదా. కొలస్సీ వచనానికి క్రైస్తవులు చెప్పేది రెండో అర్థం. ఆ మరుసటి వచనమే సమస్తం ఆయన ద్వారా సృష్టి అయిందంటోంది. ఈసా మఖ్లూకా కాదా అన్న తగాదా వాళ్లలో వాళ్లకే వచ్చి, 325లో నీకేయాలో సభ పెట్టి తేల్చుకున్నారు. మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

మరి మన అఖీదా? సూరా ఇఖ్లాస్ ఉంది కదా. అది చాలు. తౌహీద్‌కు ఎదుటివాడి మాటను మెలిపెట్టే అవసరం లేదు.

రెండో ముక్క ఇంకా బలహీనం. ఆ కానూన్ మూసా అలైహిస్సలామ్ షరీఅత్‌లోది, ఇబ్రాహీమ్ కాలం తర్వాతిది. పైగా మన ఖుర్ఆన్ ఏమంటోంది? సూరా బఖరా 124లో ఇమామత్ తన సంతానానికీ ఉంటుందా అని ఇబ్రాహీమ్ అడిగితే, జాలిమ్‌లకు ఆ వాగ్దానం అందదన్న జవాబు వచ్చింది. పుట్టుక వరసతో పెద్దరికం రాదని మన కితాబే చెబుతుంటే, ఇస్మాయీల్ అజ్మత్‌ను పెద్దకొడుకు వాటా కింద లెక్కగడతామా? ఆదికాండం 25:9లో నాకిష్టమైన సంగతొకటుంది. తండ్రి ఇంతెకాల్ అయినప్పుడు ఇస్హాఖ్, ఇస్మాయీల్ ఇద్దరూ కలిసి దఫన్ చేశారు. వాళ్లు కలిసి మట్టి ఇచ్చారు, మనం మైకుల్లో కొట్లాడుతున్నాం.

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం. ద్వితీయోపదేశకాండం పెద్దకొడుక్కి రెండు పాళ్లు ఇమ్మంది. ఇద్దరు కొడుకులుంటే ఆస్తి మూడు పాళ్లు, పెద్దవాడికి రెండు. అదీ తండ్రికి నచ్చని భార్య కొడుకు అన్యాయమైపోకుండా. సూరా నిసాలో పెద్దకొడుకుకు వేరే హిస్సా లేదు, కానీ కొడుకులతోపాటు కూతుళ్లకు ఉంది.

మా అబ్బా పోయేనాటికి అమ్మీ లేరు. ఇద్దరు కొడుకులం, ఇద్దరు ఆపాలు. ఆరు హిస్సాలు కావాలి: మాకు రెండేసి, ఆపాలకు ఒక్కోటి. జరిగిందేమిటి? బడేభాయ్‌కి నాలుగు, నాకు రెండు. "ఇంటికి పెద్దోణ్ణి, బరువు మోశాను" అన్నారు. ఆపాలు "మాఫ్ చేశాం" అని దస్తఖత్ పెట్టారు. చిన్నాపా పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చుందో నాకింకా గుర్తుంది. నాలుగూ రెండూ, అంటే రెండింతలు. రోజూ తిలావత్ జరిగే మా ఇంట్లో పంపకం మాత్రం ద్వితీయోపదేశకాండం ప్రకారం జరిగింది!

ఇంకో మాట. రోమా పత్రిక 8వ అధ్యాయం ఈసాను అనేక సోదరుల్లో జ్యేష్ఠుడంటుంది, విశ్వాసులను ఆయనతో సమాన వారసులంటుంది. ఆ అఖీదా మనది కాదు. అయినా అక్కడ పెద్దవాడి హోదా తమ్ముళ్లకు హక్ తెచ్చిపెట్టింది. మన ఇళ్లలో బడేభాయ్ హోదా చెల్లెళ్ల హక్ తినేస్తోంది. మరి ఎవరికి ఎవరు దలీల్ చూపించాలి?

ఆ కుర్రాడితో ఒకటే అన్నాను: "బేటా, పాదిరీ సంగతి తర్వాత. మీ అబ్బాను అడుగు, మీ ఫుఫ్ఫూల హిస్సా ఇచ్చారా?" ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

నన్ను నేనూ అడగాలి. ఆపాల మాఫీ కాగితం మీద గవాగా నా దస్తఖత్ ఉంది. నా వాటా సరిగ్గానే వచ్చిందని ఇన్నేళ్లు నోరు మెదపలేదు. ఈ ఆదివారం ఆ కాగితం తీసుకుని బడేభాయ్ ఇంటికి వెళ్తున్నాను. దువా చేయండి.