సొరచేపల వలలు: సిడ్నీ తీరంలో అవి ఆపేదెంత?

2025 సెప్టెంబర్ 6న సిడ్నీ ఉత్తర తీరంలోని లాంగ్ రీఫ్ దగ్గర సర్ఫింగ్ చేస్తున్న ఒక వ్యక్తి గ్రేట్ వైట్ సొరచేప దాడిలో చనిపోయారు. అప్పటికి న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం మూడు కౌన్సిళ్ల పరిధిలో ఒక్కో బీచ్‌ నుంచి సొరచేపల వలలను ప్రయోగాత్మకంగా తొలగించాలనుకుంటోంది. ఈ దాడితో ఆ ప్రయత్నం ఆగిపోయింది. మరి వల ఉంటే ఈతకు భయం లేనట్టేనా?

వల ఎలా పనిచేస్తుంది?

ఈ వలలను 1937 నుంచి వేస్తున్నారు. న్యూకాజిల్ నుంచి వొలాంగాంగ్ వరకు 51 బీచ్‌లలో వేసవి కాలమంతా ఉంచుతారు. ఒక్కో వల పొడవు 150 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు. బీచ్‌లు అంతకంటే చాలా పొడవుగా ఉంటాయి కాబట్టి సొరచేప పక్క నుంచి, పై నుంచి సులువుగా రాగలదు. అంటే ఇది కంచె కాదు. తీరం దగ్గర తిరిగే పెద్ద సొరచేపలను పట్టి, వాటి సంఖ్యను తగ్గించే సాధనం. చిక్కుకున్న సొరచేపల్లో దాదాపు 40 శాతం వలకు తీరం వైపునే దొరుకుతున్నాయి. వల దాటి వచ్చి, తిరిగి సముద్రంలోకి వెళ్తూ చిక్కుకున్నాయన్నమాట.

అభ్యంతరం ఏమిటి?

వలలో పడే జీవుల్లో అత్యధిక శాతం తాబేళ్లు, డాల్ఫిన్లు, తిరండి చేపలు, మనిషి జోలికి రాని సొరచేపలే. గ్రేట్ వైట్, బుల్, టైగర్ అనే మూడు లక్ష్య జాతులు పడేది తక్కువ. వలలు ఉన్న చోట మరణాలు చాలా అరుదన్నది సమర్థకుల వాదన. అయితే ఈ తొమ్మిది దశాబ్దాల్లో లైఫ్‌గార్డుల నిఘా, అత్యవసర వైద్యం కూడా మెరుగుపడ్డాయి. కాబట్టి ఘనత మొత్తం వలదే అనలేం.

ప్రత్యామ్నాయాలు ఏమున్నాయి?

మొదటిది స్మార్ట్ డ్రమ్‌లైన్. ఎర వేసిన కొక్కేనికి సొరచేప తగలగానే సిబ్బందికి సందేశం వెళ్తుంది. వారు పడవలో వచ్చి ట్యాగ్ వేసి, దూరంగా తీసుకెళ్లి వదిలేస్తారు. రెండోది వినికిడి కేంద్రాలు. ట్యాగ్ ఉన్న సొరచేప దగ్గరికి వస్తే షార్క్‌స్మార్ట్ యాప్ హెచ్చరిస్తుంది. ట్యాగ్ లేనివాటిని ఇది పసిగట్టలేదు. మూడోది డ్రోన్. నీళ్లు మడ్డిగా ఉంటే దానికీ కనపడదు. ఏ ఒక్కటీ పూర్తి రక్షణ కాదు. అందుకే అన్నీ కలిపి వాడుతున్నారు.

వ్యక్తిగత రక్షణ పరికరాలూ అంతే. 2018లో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం గ్రేట్ వైట్‌ల మీద ఐదు రకాల పరికరాలను పరీక్షించింది. వాటిలో గట్టిగా పనిచేసింది ఒక్క విద్యుత్ పరికరమే. అది కూడా ఎరను తీసుకెళ్లిన సందర్భాలను 96 శాతం నుంచి 40 శాతానికి తగ్గించింది తప్ప పూర్తిగా ఆపలేదు.

మనం ఏం చేయాలి?

ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు గుర్తుంచుకోవాల్సినవి ఇవి:

- లైఫ్‌గార్డులు ఉండే బీచ్‌లో, ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగండి.
- తెల్లవారుజామున, సాయం సంధ్యలో, రాత్రివేళ ఈత వద్దు.
- భారీ వర్షం తర్వాత నదీ ముఖాలకు, మురికి నీటికి దూరంగా ఉండండి. బుల్ సొరచేపలు అలాంటి చోట్ల తిరుగుతాయి.
- చేపల గుంపులు, వాటి కోసం నీళ్లలోకి దూకే పక్షులు కనిపిస్తే బయటికి వచ్చేయండి.
- ఒంటరిగా ఈదవద్దు. డైవింగ్‌లో వేటాడిన చేపను ఒంటికి తగిలించుకోవద్దు.
- ఎవరినైనా సొరచేప కరిస్తే ముందు ఒడ్డుకు చేర్చి రక్తం ఆపండి. గాయాన్ని గట్టిగా అదమండి, కాలికో చేతికో అయితే గాయానికి పైభాగాన బిగించి కట్టండి. 000కి ఫోన్ చేయండి.

ఆస్ట్రేలియాలో సొరచేపల దాడుల్లో ఏటా సగటున చనిపోయేది ముగ్గురి లోపే. నీట మునిగి చనిపోయేవారు వందల్లో ఉంటారు. జెండాల మధ్య ఈదాలన్న నియమం ఈ రెండో ముప్పు నుంచి కూడా కాపాడుతుంది. వల ఉందా లేదా అన్నది ప్రభుత్వం తేల్చాలి. ఎక్కడ, ఎప్పుడు నీళ్లలోకి దిగాలన్నది మన చేతిలోనే ఉంది.