అటక మీద దొరికిన గొంతు

ఊరగాయ జాడీల సంగతి ఈ వారం రాస్తానన్నాను. అది వచ్చే వారానికి ఉంచండి. ఈసారి ఒక క్యాసెట్టు కథ చెప్పాలి.

ఎండాకాలంలో ఇల్లు దులుపుతుంటే అటక మీద పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. లోపల ఒక క్యాసెట్టు. జిక్కి పాడిన వాటిలో మంచివి ఏరి కూర్చిన పాటలు. నాకు సుశీలమ్మ తెలుసు, జానకమ్మ తెలుసు. జిక్కి అంటే పేరు విన్నానంతే. పులివెందులలో టేపురికార్డరుకు కొత్త బెల్టు వేయించి, విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తా పెట్టుకున్నాను.

మొదటిది ‘రోజులు మారాయి’ (1955)లో వహీదా రెహ్మాన్ ఆడిన ఏరువాక పాట. కొసరాజు గారి మాటలు, మాస్టర్ వేణు బాణీ. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ‘అనార్కలి’, ఆ తర్వాత ‘సువర్ణసుందరి’ (1957)లో ఘంటసాల గారితో పాడిన రాగమాలిక. ఒక పాటలో చిలిపిపిల్ల, ఇంకో పాటలో గుండె కరిగే ఆడది. ఇదంతా ఒక్క గొంతేనా అనిపించింది.

“ఎవరత్తా ఈమె?” అన్నాను.

“మన చంద్రగిరి పిల్లే మే. నీ పెండ్లిలో మైకులో మోగిన మురారి పాటలో ఉండేది కూడా ఆమె గొంతే” అనింది మాయత్త.

నిజమే! 2001లో వచ్చిన ఆ పెళ్లిపాటలో సునీత, సంధ్యలతో కలిసి పాడింది జిక్కి. అప్పటికి ఆమెకు 65 ఏళ్లు. అసలు పేరు కృష్ణవేణి. 1943లో ‘పంతులమ్మ’ సినిమాకు పాడినప్పుడు ఏడెనిమిదేళ్ల పిల్ల. గాయకుడు ఏ.ఎం.రాజాను పెళ్లాడింది. 1960లు వచ్చేసరికి పాటలు తగ్గినాయి. 1989లో రైలు ప్రమాదంలో ఆయన పోయారు. అయినా గొంతు మూగబోలేదు. 1991లో ‘ఆదిత్య 369’లో బాలు గారితో, శైలజతో కలిసి పాడింది. 2004లో కన్నుమూసింది.

ఇంతలో ఏరువాక పాట మళ్లీ పెట్టమనింది అత్త. పెట్టాను. చేటలో కాయలు ఒలుస్తానే పాట అందుకునింది. ఒక్క పదం తప్పలేదు! నేను కొత్తగా కాపురానికొచ్చి వంటింట్లో కూనిరాగం తీస్తే, “ఆడదాని గొంతు గడప దాటగూడదు” అని కసిరింది ఈ అత్తేనా?

“చేన్లో విత్తేటప్పుడు నేను పాడితే కూలోళ్లంతా నా ఎనకే పాడేవాళ్లు. మీ మామ వద్దన్న్యాడు. మానుకున్యా. క్యాసెట్టు కొనుక్కోని దాచుకున్యా” అనింది తల ఎత్తకుండా. నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె మీద పెట్టుకున్న కోపం ఆ చేటలోనే రాలిపోయింది.

మా పాప కాలేజీ వార్షికోత్సవంలో పాడతానంటే, వద్దని పట్టుబట్టిందీ ఆమే. ఆ రాత్రి అన్నం తింటా, “పాపను పాడనీ మే. నేను గూడా వస్తా” అనింది. పాప పాడింది. అత్త ముందు వరసలో కూర్చునింది.

మీ ఇంట్లో కూడా పెద్దోళ్ల పెట్టెలు, డబ్బాలు సర్దేటప్పుడు తొందరపడి పారేయకండి. ముందు ఇదేందని వాళ్లనే అడగండి.